గుట్టా, కొండా: గరిష్ఠ కనిష్ఠాల చరిత్ర నేర్పే పాఠం

1

గణితానికి చరిత్ర లేదనే భ్రమ మన విద్యావంతులలో బలంగా పాతుకుని ఉన్నది. సాహిత్యానికి చరిత్ర ఉంటుందంటారు, చట్టానికి ఉంటుందంటారు, మతానికి సైతం ఉంటుందని ఒప్పుకుంటారు. రెండు రెళ్ళు నాలుగనే మాటకు మాత్రం చరిత్ర ఏమిటని అడుగుతారు. రెండు రెళ్ళు ఎప్పుడూ నాలుగే కావచ్చు. కాని మనిషికి ఏ అవసరం వచ్చి లెక్క మొదలుపెట్టాడు, దేన్ని లెక్కపెట్టాడు, ఎవరి కోసం లెక్కపెట్టాడు? ఇవి చరిత్ర ప్రశ్నలే. వీటిని పక్కకు నెట్టి గణితాన్ని బోధించటం వల్ల విద్యార్థికి సూత్రం వస్తుంది, ఆ సూత్రం ఎక్కడి దాకా పనిచేస్తుందో తెలియదు.

ఇది ఇతరుల మీద మోపుతున్న నేరం కాదు. నేనే చేసిన తప్పుతో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను.

కలన గణితం బోధించే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం మా ఊరి అధ్యయన కేంద్రంలో ఉపన్యాసం ఇచ్చాను. ఆ వారమే బి.ఎస్‌సి. తరగతిలో ప్రమేయాల గరిష్ఠ కనిష్ఠాలు చెప్పి ఉన్నాను. ఆ ఊపులో ఉపన్యాసానికి ఒక ఉపమానం దొరికింది. "మిత్రులారా, ఈ వ్యవస్థ ఒక గుట్ట. దాని మీద నిలబడ్డవాడికి ఎటు అడుగు వేసినా పల్లమే కనిపిస్తుంది. అంచేత ఇదే లోకంలోకెల్లా ఎత్తయిన చోటని నమ్ముతాడు. పల్లం దిగి అవతలికి నడిస్తే అసలైన కొండ ఉన్నది. ఇది స్థానిక గరిష్ఠం, అది పరమ గరిష్ఠం" అన్నాను. చప్పట్లు బాగా మోగినయి.

మర్నాడు చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు స్టాఫ్ రూములోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా?" అన్నాను.

"రాత్రి మీరు చెప్పినదాంట్లో ఒక అనుమానం మాస్టారూ. అవకలజం సున్న అయితే అక్కడ వాలు లేదని తెలుస్తుంది. రెండో అవకలజం రుణమయితే అది గరిష్ఠమని తెలుస్తుంది. ఇవన్నీ మనం నిలబడ్డచోటి సంగతులు. అవతల ఇంతకన్నా పెద్ద కొండ ఉన్నదని మీకు ఎట్లా తెలిసింది?"

నా దగ్గర జవాబు లేదు. తరగతికి వేళయిందని చెప్పి తప్పించుకున్నాను. ఆ కుర్రవాడి ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదలలేదు. ఈ వ్యాసం అతనికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

2

ముందు అతని అనుమానంలోని గణితాన్ని స్పష్టం చేసుకుందాం. 'య' అనే సంఖ్య ఘనంలోంచి మూడు 'య'లు తీసివేస్తే వచ్చే ప్రమేయాన్ని తీసుకోండి. 'య' విలువ రుణ 2 నుంచి 3 వరకూ మారుతుందనుకోండి. అవకలజం సున్న అయ్యే చోట్లు రెండు: రుణ 1, ధన 1. రుణ 1 దగ్గర ప్రమేయం విలువ 2. దానికి అటూ ఇటూ విలువ తగ్గుతుంది. కనక అది స్థానిక గరిష్ఠం. చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగి "గరిష్ఠం 2" అని రాసి కిందగీత గీస్తారు. కాని 'య' 3 అయినప్పుడు ప్రమేయం విలువ 18! అక్కడ అవకలజం సున్న కాదు, 24. అది అంతరం కొస. పరమ గరిష్ఠం కొసన కూర్చుని ఉంటే, విద్యార్థి అవకలజాన్ని చేతబట్టుకుని మధ్యలో వెతుకుతున్నాడు.

అవకలజం సున్న అయినంత మాత్రాన గరిష్ఠమో కనిష్ఠమో ఉండితీరాలన్న నియమమూ లేదు. 'య' ఘనానికి సున్న దగ్గర అవకలజం సున్నే, కాని వక్రరేఖ ఒక్క క్షణం చదునై మళ్ళీ ఎక్కుతూనే పోతుంది. మరోపక్క సంఖ్య గుర్తును వదిలేసి పరిమాణాన్ని మాత్రం తీసుకునే ప్రమేయానికి సున్న దగ్గర కనిష్ఠం ఉంటుంది. అక్కడ మొన ఉంటుంది కాబట్టి అవకలజమే ఉండదు.

అంటే అవకలజం ఒక బిందువుకు చుట్టుపక్కల ఏం జరుగుతున్నదో చెప్పే పనిముట్టు. ప్రాంతమంతటి సంగతి దానికి తెలియదు. ఇంత మామూలు విషయాన్ని మనుషులు స్పష్టంగా గ్రహించటానికి రెండున్నర శతాబ్దాలు ఎందుకు పట్టింది?

3

ఈ చరిత్ర మొదలయ్యేది విద్వాంసుడి గదిలో కాదు, సారాయి పీపాల దగ్గర.

1613లో యోహాన్ కెప్లర్ ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ఉంటున్న కాలంలో రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఇంటికి ద్రాక్షసారాయి పీపాలు కొన్నాడు. ధర కట్టటానికి వచ్చిన మనిషి పీపా నడుముకున్న రంధ్రంలోంచి ఒక కొలకర్రను ఏటవాలుగా అడుగు అంచుదాకా దోపి, తడిసిన పొడుగును చూసి, ఇన్ని కొలతల సారాయి అని తేల్చేశాడు. పీపా పొడుగా, పొట్టా, లావా, సన్నమా చూడలేదు. గ్రహగతులు లెక్కకట్టిన కెప్లర్‌కు ఇది పట్టరాని ఆశ్చర్యం కలిగించింది. ఒకే కర్ర కొలతకు రకరకాల ఆకారాల పీపాలు ఉండగలవు గదా, కొనేవాడు మోసపోడా?

ఆ ప్రశ్నలోంచి 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఒక లాటిన్ గ్రంథం వచ్చింది. మరుసటి సంవత్సరమే సామాన్యుల కోసం దాన్ని జర్మన్‌లో తిరగరాశాడు. పీపాను స్తూపంగా ఊహించి, కర్ర పొడుగును ఒకటి అనుకుంటే, పీపా పొడుగు దాని వ్యాసానికి సుమారు 1.41 రెట్లు ఉన్నప్పుడు అత్యధికంగా సారాయి పడుతుంది. ఆ పరిమాణం 0.605. ఆస్ట్రియాలో పీపాలు చేసే పనివాళ్ళు తరతరాల అలవాటుతో ఈ ఆకారానికి చాలా దగ్గరగా చేస్తున్నారని కెప్లర్ కనిపెట్టాడు. కలన గణితం పుట్టకముందే పనివాడి చెయ్యి గరిష్ఠాన్ని తడిమి చూసిందన్న మాట.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి గమనించాడు. ఆ మేలైన ఆకారానికి దగ్గరలో పొడుగు కొంచెం అటూ ఇటూ అయినా సారాయి పరిమాణంలో తేడా దాదాపు తెలియదు. మనం లెక్క కట్టి చూడవచ్చు. పొడుగు 1.155 ఉండవలసినచోట 1.05 ఉన్నా, 1.25 ఉన్నా పరిమాణం 0.60కి దిగువన ఏ నూరో వంతో తగ్గుతుంది. కాని గరిష్ఠానికి దూరంగా పోతే కథ మారుతుంది. పొడుగు 0.5 ఉండే పొట్టి వెడల్పు పీపాలో పట్టేది 0.368 మాత్రమే. కర్ర మీద గీత ఒక్కటే, సారాయి మాత్రం మూడింట రెండు వంతులయినా లేదు! కర్రతో కొలవటం ఆస్ట్రియా పీపాలకు న్యాయమే, అన్ని పీపాలకూ న్యాయం కాదు. ఒకచోట పనిచేసే కొలత అంతటా పనిచేస్తుందనుకోవటంలోని ప్రమాదం ఈ మొట్టమొదటి ఉదాహరణలోనే ఉన్నది.

ఇక్కడ మన దేశం మాట కూడా చెప్పాలి. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు గ్రహానికి చేయవలసిన సవరణ గరిష్ఠమైన చోట ఆ సవరణలోని తక్షణపు మార్పు సున్న అవుతుందని గుర్తించాడు. ఇది గొప్ప పరిశీలన. అంతమాత్రాన కలన గణితమంతా మన పూర్వులు ముందే రాసిపెట్టారని జబ్బలు చరుచుకోవటం చరిత్ర కాదు. పంచాంగ గణనకు అవసరమైన మేరకు ఆ చూపు అక్కడ పుట్టింది. సాధారణ పద్ధతి కావటానికి దానికి ఇంకా చాలా కావలసి వచ్చింది.

4

ఆ సాధారణ పద్ధతిని ఇచ్చినవాడు పియెర్ ద ఫెర్మా. ఇతను ఫ్రాన్సులోని తులూజ్ న్యాయస్థానంలో సలహాదారు. గణితం అతనికి తీరిక సమయపు వ్యాసంగం. ఒక గీతను రెండు ముక్కలు చేసి, వాటి లబ్ధం గరిష్ఠం కావాలంటే ఎక్కడ కొయ్యాలి? గీత పొడుగు 'బ', ఒక ముక్క 'అ' అనుకోండి. ఫెర్మా 'అ'కు బదులు 'అ'కు చిన్న 'ఎ' కలిపి మళ్ళీ లెక్క కట్టాడు. గరిష్ఠం దగ్గర రెండు లెక్కలూ ఇంచుమించు సమానమని పెట్టాడు. రెండువైపులా ఉమ్మడిగా ఉన్నవి పోగా మిగిలినదాన్ని 'ఎ'తో భాగించాడు. తరవాత 'ఎ'ను తుడిచేశాడు. 'బ' అంటే రెండు 'అ'లు అని తేలింది. సరిగ్గా మధ్యకు కొయ్యాలన్న మాట.

ఈ పద్ధతి 1630ల చివర మెర్సెన్ ద్వారా పారిస్ పండితుల చేతికి చేరింది. 1638లో దెకార్త్ దీనిమీద విరుచుకుపడ్డాడు. ఇందులో వ్యక్తిగత స్పర్ధ కొంత ఉన్నా, అసలు ప్రశ్న గట్టిదే. 'ఎ' సున్న కాదా? కాకపోతే తుడవటానికి వీల్లేదు. సున్నే అయితే దానితో భాగించటానికి వీల్లేదు. 1684లో లైబ్నిజ్ కలన గణితం మీద తన మొదటి వ్యాసాన్ని ప్రచురించాడు. దాని శీర్షికే గరిష్ఠ కనిష్ఠాలకు కొత్త పద్ధతి అని. కొత్త శాస్త్రం లోకానికి ఈ పేరుతోనే పరిచయమయింది. సూత్రాలు సులువైనయి గాని 'ఎ' చిక్కు తీరలేదు. 1734లో బిషప్ బర్క్‌లీ ఈ చిక్కునే పట్టుకుని, మతాన్ని నమ్మనివాళ్ళు ఇలాంటి దయ్యాలను మాత్రం ఎట్లా నమ్ముతున్నారని ఎగతాళి చేశాడు.

ఈ పత్రిక పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం, కార్ల్ మార్క్స్ కూడా ఈ 'ఎ' చిక్కుతో కుస్తీ పట్టాడు. 1881లో అవకలజం మీదా, అవకలనం మీదా రెండు రాతలు ఎంగెల్స్‌కు పంపాడు. న్యూటన్, లైబ్నిజ్‌ల పద్ధతిని మార్మికమనీ, దాలంబేర్ పద్ధతిని హేతుబద్ధమనీ, లగ్రాంజ్ పద్ధతిని బీజగణితాత్మకమనీ విభజించాడు. తేడాను మొదట నెలకొల్పి, తరవాత దాన్ని రద్దు చెయ్యటంలోంచి కొత్తది పుట్టే తీరును వివరించటానికి ప్రయత్నించాడు. ఈ రాతల్లో కొన్ని భాగాలు 1933లోను, పూర్తి సంపుటం సోఫియా యానోవ్‌స్కయా పర్యవేక్షణలో 1968లోను రష్యాలో వెలువడినయి. మార్క్స్‌ను పొగడటానికి వీటిని కలన గణితానికి కొత్త పునాది అనటం పొరపాటు. కోషీ, వయర్‌స్ట్రాస్‌లు వేసిన పునాదిని ఈ రాతలు చర్చించవు. పాఠ్యపుస్తకం సూత్రం ఇస్తే "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగకుండా ముందుకు పోని ఆ పట్టుదల మాత్రం మన విద్యార్థులు నేర్చుకోదగ్గది.

5

లైబ్నిజ్ గణితంలో ఆగలేదు. 1710లో ప్రచురించిన తన దైవన్యాయ గ్రంథంలో దేవుడు సాధ్యమైన లోకాలన్నిటిలోనూ అత్యుత్తమమైనదాన్ని సృష్టించాడని వాదించాడు. లోకంలో దుఃఖం కనిపిస్తే అది మొత్తానికి అవసరమైన చిన్న నీడ మాత్రమేనట. 1740లలో మోపెర్‌త్యూయీ అనే ఫ్రెంచి పండితుడు ప్రకృతి ప్రతిపనిలోనూ క్రియను కనిష్ఠంగా ఖర్చు చేస్తుందనీ, ఈ పొదుపే దేవుడి ఉనికికి రుజువనీ ప్రకటించాడు.

గరిష్ఠం అనే గణిత భావన చేతికి రాగానే పాలకుల లోకానికి అది ఎంత చక్కగా ఉపయోగపడిందో చూడండి! ఉన్నది పరమ గరిష్ఠమని ఒప్పుకుంటే మార్చటానికి ఏమీ మిగలదు. 1755 నవంబరు 1న లిస్బన్‌ను భూకంపం నేలమట్టం చేసింది. 1759లో వోల్తేర్ తన కాందీద్ నవలలో ఈ అత్యుత్తమ లోక సిద్ధాంతాన్ని నవ్వులపాలు చేశాడు.

వోల్తేర్ నవ్వు అవసరమే, కాని నవ్వుతో సిద్ధాంతం ఓడదు. మోపెర్‌త్యూయీకి అసలు జవాబు గణితంలోనుంచే వచ్చింది. పుటాకార దర్పణం మీద పడి మళ్ళే కాంతి దారిని, పక్కనున్న ఊహా దారులతో పోల్చి చూస్తే, కొన్ని సందర్భాల్లో అది అతి తక్కువ దూరం కాదు, అతి ఎక్కువ దూరం! పొదుపరి అనుకున్న ప్రకృతి అక్కడ దుబారా చేస్తున్నది. 1833లో హామిల్టన్ ఈ సంగతి స్పష్టంగా చెప్పాడు. ప్రకృతి నియమం చెప్పేదల్లా ఆ దారి దగ్గర మొదటి మార్పు సున్న అని మాత్రమే. అది కనిష్ఠమా, గరిష్ఠమా, రెండూ కాదా అనేది వేరే విచారించాలి. స్థానికమైన ఒక సున్నను చూసి విశ్వమంతటి ఔచిత్యానికి రుజువనుకోవటమే ఆ పండితుల తప్పు.

6

పరమ గరిష్ఠం గురించి నమ్మకంగా మాట్లాడటానికి అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: అసలు అది ఉన్నదా?

సున్నకూ ఒకటికీ మధ్య, కొసలు వదిలేసి, ఉన్న సంఖ్యలలో అతి పెద్దది ఏది? లేదు. ఏది చెప్పినా దానికి పైన మరొకటి ఉంటుంది. ఒకటిని 'య'తో భాగించే ప్రమేయం 'య' పెరిగేకొద్దీ తగ్గుతూనే పోతుంది, సున్నను మాత్రం ఎన్నడూ తాకదు. దానికి అక్కడ కనిష్ఠమే లేదు. ఎక్కుతూ పోయినంత మాత్రాన శిఖరం ఉండితీరాలనే హామీ లేదు.

ఈ హామీ ఎప్పుడు ఉంటుందో మొదట రుజువు చేసినవాడు బెర్నార్డ్ బోల్జానో. ప్రాగ్‌లో మతశాస్త్రం బోధించే ఆచార్యుడు. యుద్ధాన్నీ, సైనికవాదాన్నీ ఖండిస్తూ, సంఘసంస్కరణను కోరుతూ ఉపన్యాసాలు ఇచ్చినందుకు 1819 చివర ఆస్ట్రియా చక్రవర్తి ప్రభుత్వం అతన్ని ఉద్యోగం నుంచి తొలగించింది. 1830లలో అతను ప్రమేయాల మీద రాసిన గ్రంథంలో ఈ ఫలితం ఉన్నది: కొసలతో సహా మూసి ఉన్న అంతరం మీద అవిచ్ఛిన్నమైన ప్రమేయం తన గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ తప్పక చేరుకుంటుంది. ఆ గ్రంథం అచ్చయింది 1930లో! అప్పటికే 1860లలో కార్ల్ వయర్‌స్ట్రాస్ బెర్లిన్ ఉపన్యాసాల్లో ఇదే విషయాన్ని చెప్పి ఉన్నాడు, సిద్ధాంతానికి ఆయన పేరే నిలిచింది.

వయర్‌స్ట్రాస్ జీవితం మన ఉపాధ్యాయులకు కొంత ధైర్యం ఇస్తుంది. బెర్లిన్‌కు రాకముందు ఆయన పద్నాలుగేళ్ళపాటు చిన్న పట్టణాల బడులలో పంతులు. గణితంతోపాటు చేతిరాత, వ్యాయామం కూడా నేర్పాడు. 1870లో ఆయన ఆనాటి గొప్ప గణితవేత్తలు వాడుతున్న ఒక వాదాన్ని పడగొట్టాడు. ఒక రాశి కొంత హద్దుకన్నా దిగువకు పోలేదు గనక అది ఆ హద్దును తాకితీరుతుందని వాళ్ళు అనుకునేవాళ్ళు. హద్దు ఉండటం వేరు, దాన్ని చేరుకోవటం వేరు అని ఉదాహరణతో చూపాడు.

ఈ సిద్ధాంతం శిఖరం ఉన్నదని హామీ ఇస్తుంది గాని, ఎక్కడున్నదో చెప్పదు. దాన్ని వెతకాలంటే అవకలజం సున్న అయినచోట్లూ, అవకలజం లేనిచోట్లూ, రెండు కొసలూ అన్నీ పోల్చి చూడాలి. ప్రాంతం పరిధి ఏమిటో తెలియకుండా పరమ గరిష్ఠం అనే మాటకు అర్థమే లేదు.

7

ఇక మన కాలానికి దగ్గరగా వద్దాం. 1871లో జెవన్స్, 1874 నుంచి వాల్రాస్ కలన గణితాన్ని అర్థశాస్త్రంలోకి తెచ్చారు. వినియోగదారుడు చివరి రూపాయి నుంచి వచ్చే తృప్తిని అన్ని వస్తువుల మధ్యా సమం చేస్తాడు, యజమాని చివరి కూలివాడి ఉత్పత్తిని కూలితో సమం చేస్తాడు. అవకలజాన్ని సున్న చెయ్యటమే యీ సిద్ధాంతం సారం. 1890లో మార్షల్ తన అర్థశాస్త్ర సూత్రాలకు పెట్టుకున్న నినాదం, ప్రకృతి గంతులు వెయ్యదని! చిన్న అడుగుల గణితానికి అంతకన్నా తగిన నినాదం దొరకదు. అయితే మార్షల్ నిజాయితీపరుడు. ఉత్పత్తి పెరిగేకొద్దీ ఖర్చు తగ్గే పరిశ్రమలలో ఈ సమతౌల్యం సమాజానికి అత్యధిక తృప్తి ఇవ్వకపోవచ్చునని తానే రాశాడు. ఆయన పేరు చెప్పుకున్న పాఠ్యపుస్తకాలు చాలావరకు ఈ హెచ్చరికను అడుగున దాచినయి.

దీన్ని మన నేల మీద చూద్దాం. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు ఊడ్చిపెట్టింది. ఆ కాలంలో గోదావరి రైతు తన పొలం కాలవను ఎంత బాగుచేసుకున్నా, ఒక్కొక్క గట్టును ఎంత పెంచుకున్నా, డెల్టాకు నీరు నిలకడగా రాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. పదోవంతు ఆనకట్ట కడితే పదోవంతు నీళ్ళు రావు, డబ్బూ శ్రమా దండగ. చిన్న అడుగులన్నీ నష్టమే చూపించే చోట పెద్ద మార్పు లాభం కావచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. మరొకటి కూడా తెలుస్తున్నది. ఆనకట్ట కోసం ఆర్థర్ కాటన్ కంపెనీ ప్రభుత్వానికి రెవెన్యూ పెరుగుతుందని నచ్చచెప్పవలసి వచ్చింది. రైతు ఆకలి ఒక ప్రమేయం, కంపెనీ రాబడి మరొక ప్రమేయం. ఏ ప్రమేయానికి గరిష్ఠం కట్టాలో కలన గణితం చెప్పదు, అధికారం ఎవరిదో అది చెబుతుంది.

మరి స్థానిక గరిష్ఠమే పరమ గరిష్ఠమయ్యే సందర్భాలు లేవా? ఉన్నయి. వాటిని అచ్చమైన ఉత్పత్తి సమస్యలోంచి వెలికి తీసినవాడు సోవియట్ గణితవేత్త లియొనిద్ కాంతొరోవిచ్. 1938లో ఒక ప్లైవుడ్ సంస్థవాళ్ళు ఆయన్ను సలహా అడిగారు. ఎనిమిది యంత్రాలు, అయిదు రకాల కలప, ఏ యంత్రానికి ఏ కలప ఎంతసేపు ఇస్తే నిర్ణీత పాళ్ళలో ఉత్పత్తి అత్యధికమవుతుంది? ఇక్కడ అవకలజం పనికిరాదు, ఎందుకంటే గరిష్ఠం ఎప్పుడూ కొసనే, మూలల్లోనే ఉంటుంది. 1939లో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయం ఆయన చిన్న పుస్తకాన్ని ప్రచురించింది. ఇదే తరవాత రైఖిక ప్రణాళిక అనిపించుకున్నది. అమెరికాలో డాంట్‌జిగ్ 1947లో తన పద్ధతిని విడిగా కనిపెట్టాడు.

ఇటువంటి సమస్యలలో ఒక మూల తన పొరుగు మూలలన్నిటికన్నా మెరుగైతే అదే అన్నిటికన్నా మెరుగు. ఎందుకు? ఎక్కడో దూరంగా ఇంకా మెరుగైన చోటు ఉన్నదనుకుందాం. సాధ్యమైన పథకాల ప్రాంతం కుంభాకారం, అంటే ఏ రెండు బిందువులను కలిపే సరళరేఖ అయినా ప్రాంతం లోపలే ఉంటుంది. ఆ మెరుగైన చోటికి తిన్నగా గీత గీస్తే, ఫలితం రైఖికం గనక మొదటి అడుగు నుంచే పెరగాలి. అప్పుడు మనం నిలబడ్డచోటికి పక్కనే మెరుగైనది ఉన్నట్లు. అది మన షరతుకు విరుద్ధం. మధ్యలో పల్లం లేదు గనకనే మోసం లేదు.

కాంతొరోవిచ్‌కు తన దేశంలో జరిగిన ఆదరణ గురించి కూడా నిజం చెప్పాలి. ఆయన లెక్కల్లో వచ్చే గుణకాలు పెట్టుబడిదారీ అర్థశాస్త్రంలోని ధరలను పోలి ఉన్నాయని అక్కడి సిద్ధాంత రక్షకులు అనుమానించారు. యుద్ధకాలంలో రాసిన ఆయన పెద్ద గ్రంథం 1959 దాకా అచ్చుకాలేదు. 1965లో లెనిన్ బహుమతి, 1975లో నోబెల్ బహుమతి వచ్చినయి. ప్రణాళిక మీద నమ్మకమున్న రాజ్యమే ప్రణాళికా గణితాన్ని ఇరవై ఏళ్ళు పక్కన పెట్టింది. తమ గుట్టనే కొండ అనుకునే జబ్బు ఒక్క పక్షానికే పరిమితం కాదు.

8

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నకు వస్తాను.

అతను చెప్పింది నిజం. అవకలజం నాకు అవతలి కొండను చూపలేదు. ఉపన్యాసంలో నేను చేసింది రుజువు కాదు, ఆశను గణితపు బట్టలు కట్టి నిలబెట్టటం. స్థానిక గరిష్ఠం ఉన్నదంటే అవతల కొండ ఉన్నదని కాదు. ఆ మాట చెప్పేవాడు ప్రాంతాన్ని చూసి ఉండాలి, లేదా చూసినవాళ్ళ సాక్ష్యం తేవాలి. సమాజం విషయంలో ఆ సాక్ష్యం చరిత్ర, గణాంకాలు, మనుషుల అనుభవం. ఆ శ్రమ నుంచి ఉపమానం మనల్ని తప్పించదు.

కాని ఇదే కొలత అవతలివాడికీ వర్తిస్తుంది. "కూలి కాస్త పెంచితే పరిశ్రమ మూతపడుతుంది, భూమి కాస్త పంచితే దిగుబడి పడిపోతుంది, అంచేత ఉన్నదే ఉత్తమం" అనేవాడు చేస్తున్నదీ స్థానిక వాదమే. అతని చిన్న లెక్క ఒకవేళ సరే అయినా, దాని నుంచి అతను తీసే పెద్ద ముగింపు రాదు. పైగా ఎవరి ప్రమేయం, ఏ పరిధిలో అనే రెండు ప్రశ్నలూ అతను దాటవేశాడు.

మరొక విషయం నా ఉపన్యాసంలో ఒక్క వాక్యంలో జారిపోయింది. గుట్టకూ కొండకూ మధ్య పల్లం ఉన్నదని చెప్పి, ఆ పల్లంలో దిగేది ఎవరు, అక్కడ ఎన్నాళ్ళు ఉండాలి అని అడగలేదు. ఇరవయ్యో శతాబ్దం చరిత్ర చదివినవాళ్ళెవరూ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేరు. పల్లం ఖర్చును లెక్కలో రాయనివాడు కొండ ఎత్తును చెప్పినా నమ్మటం కష్టం.

పల్లం దాటే గణితం లేకపోలేదు. 1847లో కోషీ వాలు వెంట అడుగడుగునా దిగుతూ కనిష్ఠాన్ని చేరే పద్ధతి చెప్పాడు. నేడు కృత్రిమ మేధ అని పిలుస్తున్న యంత్రాలకు శిక్షణ ఇచ్చేదీ మూలంలో ఆ దిగుడు పద్ధతే. దానికి ఉన్న పాత బలహీనత, దగ్గరి గుంటలో చిక్కుకోవటం. 1983లో కర్క్‌పాట్రిక్, జెలాట్, వెక్కీ అనే ముగ్గురు దీనికి కొలిమి నుంచి ఒక ఉపాయం తెచ్చారు. ఎర్రగా కాలిన లోహాన్ని ఒక్కసారి నీళ్ళలో ముంచితే లోపలి అమరిక ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది, పెళుసుబారుతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే అణువులు మెరుగైన అమరికలోకి సర్దుకుంటయి. ఆ విధంగానే లెక్కలో కూడా మొదట్లో అప్పుడప్పుడు నష్టపు అడుగులను అనుమతించి, క్రమంగా తగ్గించుకుంటూ పోతే చిన్న గుంటల్లోంచి బయటపడే అవకాశం ఉంటుంది. పీపాలు చేసేవాడి దగ్గర మొదలైన శాస్త్రం మళ్ళీ కమ్మరి దగ్గరకు వచ్చింది.

ఈనాడు నా తరగతిలో ఒక నియమం ఉన్నది. ఏ ప్రమేయం, ఏ అంతరం మీద, కొసలు చేరి ఉన్నాయా లేవా అని మొదటి వరసలో రాయకుండా "గరిష్ఠం" అనే మాట రాస్తే మార్కులు ఇవ్వను. మొదట్లో పిల్లలు సణుగుతారు, తరవాత అలవాటు పడతారు. ఉపన్యాస వేదికల మీద మనకూ అదే నియమం ఉండాలని నా ప్రతిపాదన. ఆనాడు ఆ కుర్రవాడికి ఈ మాట చెప్పగలిగి ఉంటే బాగుండేది. "నీ అనుమానం సరయినదయ్యా. కొండ ఉన్నదని నాకు నమ్మకం, రుజువు లేదు. కూర్చో, ఇద్దరం కలిసి వెతుకుదాం" అని ఉండవలసింది.